కండ్లు ఎండకు ఓర్చుకోలేకపోతే కారుకు నల్ల ఫిల్మ్ వేయించుకోవచ్చా?

యాంకర్: తాడిపత్రి నుంచి ఫోన్. చెప్పండన్నా, డాక్టరమ్మ వింటున్నారు.

శ్రోత: నమస్తే మేడమ్. నేను బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాండా. సాయంత్రం కారులో అనంతపురం పోతాంటే ఎండ ఎదురుగా మొగానికే కొడుతుంది. కండ్లు తెరవలేను, నీళ్లు కారతాయి. పక్క అద్దాలకు నల్ల ఫిల్మ్ ఏపిస్తే పోలీసులు చలానా రాసి పీకించినారు. మా బామ్మర్ది టెక్సాస్‌లో ఉండాడు. ఆడ డాక్టరు చీటీ ఉంటే చాలంట. మీరు రాసిస్తే ఈడ చెల్లుతుందా?

డాక్టర్: టెక్సాస్ సంగతి నిజమే. అక్కడ డ్రైవర్ పక్క అద్దం 25 శాతం వెలుతురైనా లోపలికి రానివ్వాలి. ఎండ తగలకూడని జబ్బుంటే డాక్టరు సంతకం చేసిన పత్రం కారులో పెట్టుకుని ఇంకా ముదురుగా వేసుకోవచ్చు. మనకు 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ఉంది. ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాల్సిందే. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములే వద్దంది. 2020లో నిబంధన సవరించారు గానీ ఆ శాతాలు మారలేదు. జబ్బున్నవాళ్లకు మినహాయింపు అందులో రాయలేదు. నేను చీటీ రాసిచ్చినా చలానా ఆగదు.

పుట్టుకతో ఒంట్లో రంగు లేని పిల్లలను, ఎండ తగిలితే ముదిరే లూపస్ జబ్బు ఉన్న ఆడవాళ్లను చూస్తుంటాను. వాళ్లకోసమైనా చట్టంలో ఒక దారి ఉండాలి. ఈ మాట నేను గట్టిగానే చెబుతాను.

మీ సంగతి వేరు. ఎండ ఎదురు అద్దంలోంచి వస్తుంటే పక్క అద్దాలు నల్లగా చేసి ఏం లాభం? కండ్లు గరగర అంటాయా? ఇసుక పడినట్టు?

శ్రోత: అంటాయమ్మా. పొద్దున లేస్తే రెండూ ఎర్రగుంటాయి.

డాక్టర్: మీకు దుమ్ము అనుమానం నాకు. బండల పొడి రోజూ పడితే కంటి తడి ఆరిపోతుంది, నల్లగుడ్డు మీద గీతలు పడతాయి. అప్పుడు ఏ వెలుతురైనా గుచ్చుకుంటుంది. ఫ్యాక్టరీలో పక్కలు మూసిన రక్షణ కళ్లద్దాలు వాడతారా?

శ్రోత: లేదమ్మా. చెమటకు మసక కమ్ముతాయని తీసేస్తాం.

డాక్టర్: ముందు అవి పెట్టుకోండి. అనంతపురం పెద్దాసుపత్రిలోనో, కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రిలోనో చూపించుకోండి. మందుల షాపులో అడిగి చుక్కలు వేసుకోవద్దు. స్టెరాయిడ్ చుక్కలైతే చూపుకే ముప్పు. నొప్పి ఎక్కువైనా, చూపు మసకబారినా ఆ రోజే పోవాలి.

శ్రోత: ఎండకు రంగు మారే కళ్లద్దాలు కొనమంటాండారు మేడమ్.

డాక్టర్: కారులో అవి సరిగా నల్లబడవు. వాటిని మార్చేది అతినీలలోహిత కిరణాలు. ముందు అద్దమే వాటిని చాలావరకు ఆపేస్తుంది. మీకు పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు మేలు, రోడ్డు మీది మెరుపు తగ్గిస్తాయి. ఇంట్లో మాత్రం పెట్టుకోవద్దు. కన్ను చీకటికి అలవాటు పడి వెలుతురును ఇంకా ఓర్చుకోలేదు.

శ్రోత: రాత్రి తిరిగొచ్చేటప్పుడు లారీల లైట్లకు?

డాక్టర్: వద్దే వద్దు. లైట్లు లేని ఎద్దులబండి కనపడదు. పొద్దు మునగ్గానే తీసేయండి. కన్ను నయమయ్యేదాకా రాత్రిపూట ఇంకెవరినైనా నడపమనండి.

శ్రోత: మా తమ్మునికి చెబుతానమ్మా. సోమవారం ఆసుపత్రికి పోతా.