చంకలో పిల్లను పెట్టుకుని... ఫోన్‌లో దాచిన పాస్‌వర్డ్‌ల గురించి

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం.

నన్ను ముందు కృత్రిమ మేధ గురించి మాట్లాడమన్నారు. అది వద్దు, పాస్‌వర్డ్‌ల గురించి చెబుతానన్నాను. ఎందుకో చెప్తాను.

నిరుడు మా బాబాయి పోయారు. కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, రైలు టికెట్లు, ఇంటి పన్ను, అన్నీ ఆయనే ఫోన్‌లో చూసుకునేవారు. పిన్నికి ఆ ఫోన్ ప్యాటర్న్ తెలుసు, అంతకు మించి ఏమీ తెలియదు. దినం అయ్యాక రెండు వారాలు ఆవిడ ప్రతి చోటా ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా’ అన్నదాన్ని నొక్కుతూ కూర్చుంది. ఒకటి ఈమెయిల్‌కి పంపామంటుంది, ఇంకొకటి పుట్టిన ఊరు అడుగుతుంది. ఆయన ఆ ప్రశ్నకు ఏం జవాబు రాశారో ఆవిడకేం తెలుసు? నేను వెళ్లి అదే ఫోన్‌లో ఒకచోట తెరిచి చూపిస్తే, నలభైకి పైగా పాస్‌వర్డ్‌లు అక్షరక్రమంలో వరుసగా ఉన్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. పిన్ని ఆ వరుస చూసి ఏడ్చింది. బ్యాంకు ఖాతా జోలికి మాత్రం మేం వెళ్లలేదు. దానికి నామినీ దారి వేరే ఉంది, ఆ దారిలోనే వెళ్లాలి.

ఆ పాస్‌వర్డ్‌లు అక్కడికి ఎలా చేరాయి? ఏదైనా సైట్‌లోకి మొదటిసారి వెళ్లినప్పుడు అడుగున చిన్న పెట్టె వస్తుంది, ‘పాస్‌వర్డ్ సేవ్ చేయాలా?’ అని. మనం తొందరలో ‘సేవ్’ నొక్కేస్తాం. ఎక్కడ సేవ్ చేస్తున్నావని దాన్ని అడగం. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఆ ‘ఎక్కడ’ గురించే.

ఆండ్రాయిడ్ ఫోనయితే క్రోమ్ తెరవండి. పైన కుడిపక్క మూడు చుక్కలు, అందులో సెట్టింగ్స్, అందులో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్. అది నొక్కితే సైట్ల పేర్లు వరుసగా వస్తాయి. ఒక పేరు మీద నొక్కితే ఫోన్ మీ వేలిముద్ర గానీ పిన్ గానీ అడుగుతుంది. ఆ తర్వాత పాస్‌వర్డ్‌కి బదులు కనిపించే చుక్కల పక్కన కన్ను గుర్తు ఉంటుంది, దాన్ని తాకితే అక్షరాలు కనిపిస్తాయి. తప్పుంటే అక్కడే దిద్దవచ్చు, అక్కర్లేనిది తీసేయవచ్చు. ఒక్క సంగతి. ఇక్కడ దిద్దితే ఫోన్ జ్ఞాపకం మాత్రమే మారుతుంది, ఆ సైట్‌లో పాస్‌వర్డ్ మారదు. ముందు సైట్‌లో మార్చాలి, తర్వాత ఫోన్‌కి చెప్పాలి. చాలామంది తికమక పడేది ఇక్కడే.

ఐఫోన్ వాళ్లకు 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి ‘పాస్‌వర్డ్స్’ అని విడిగా ఒక యాప్ ఉంది. అంతకు ముందు అది సెట్టింగ్స్ లోపల ఉండేది. శాంసంగ్ వాడేవాళ్లు ఇంకో చోట కూడా చూడాలి. వాళ్లకు శాంసంగ్ పాస్ అని సొంత పెట్టె ఉంది. సగం పాస్‌వర్డ్‌లు గూగుల్‌లో, సగం అక్కడ పడి, ‘నేను సేవ్ చేశాను గానీ కనబడట్లేదు’ అనేవాళ్లను నేను చాలామందిని చూశాను. సెట్టింగ్స్ పైన భూతద్దం గుర్తు దగ్గర ‘ఆటోఫిల్’ అని వెతికితే, మీ ఫోన్ ఏ పెట్టె వాడుతోందో తెలుస్తుంది. ఒక్కదాన్నే ఎంచుకుని దానికే కట్టుబడి ఉండండి.

వైఫై పాస్‌వర్డ్ ఈ వరుసలో ఉండదు. ఆండ్రాయిడ్ 10 నుంచి వైఫై పేరు మీద నొక్కి ‘షేర్’ అంటే చదరపు క్యూఆర్ కోడ్ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ రాసి ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ కోడ్‌ని స్కాన్ చేసుకుంటే చాలు.

ఇక అసలు సంగతికొస్తాను. గూగుల్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు మామూలుగా ఫోన్‌లో మాత్రమే ఉండవు, ఒక జీమెయిల్ ఖాతాలో ఉంటాయి. ఫోన్ పగిలినా ఆ ఖాతాతో కొత్త ఫోన్‌లోకి వెళ్తే అన్నీ తిరిగొస్తాయి. క్రోమ్‌లో ఏ ఖాతాతోనూ సైన్ ఇన్ కాకపోతే మాత్రం అవి ఆ ఒక్క ఫోన్‌లోనే ఉంటాయి, ఫోన్‌తోనే పోతాయి. అందుకని నేను ఎవరినైనా మొదట అడిగే ప్రశ్న: మీ ఫోన్‌లో ఉన్న జీమెయిల్ ఏది, దాన్ని ఎవరు తెరిచారు?

నూటికి ఇంతమంది అని లెక్క చెప్పను గానీ, నేను అడిగిన పెద్దవాళ్లలో చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: ‘ఫోన్ కొన్నచోట షాపు అబ్బాయే చేసిచ్చాడమ్మా.’ ఆ అబ్బాయి తనకు తోచిన పేరుతో ఖాతా తెరిచి, తనకు తోచిన పాస్‌వర్డ్ పెట్టి, ఫోన్ చేతిలో పెట్టి పంపాడు. రెండేళ్లకు కొత్త ఫోన్ కొంటే, అక్కడి అబ్బాయి ఇంకో కొత్త ఖాతా తెరుస్తాడు. పాత ఖాతాలో మనవడి ఫొటోలు, ఫోన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు అనాథల్లా ఉండిపోతాయి. పైగా రెండేళ్ల పాటు ఎవరూ ముట్టని ఖాతాలను గూగుల్ తీసేయవచ్చు. 2023 డిసెంబరు నుంచి ఆ నియమం అమల్లో ఉంది. ఆ అబ్బాయిల మీద నాకు కోపం లేదు, వాళ్లకు పది నిమిషాల్లో ఇంకో గిరాకీ ఉంటుంది. కానీ ఇల్లు కొని తాళంచెవులు మేస్త్రి దగ్గరే వదిలేసి రాం కదా. ఈ రాత్రే ఆ జీమెయిల్ పాస్‌వర్డ్ మీరే కొత్తగా పెట్టుకోండి. దానికి జతచేసిన ఫోన్ నంబరు మీదేనా, పాత సిమ్‌దా, అది కూడా చూడండి.

ఎలాంటి పాస్‌వర్డ్ పెట్టాలి? ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ పెట్టడం 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో మొదలైంది. ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకోవాల్సి వచ్చి, ఫెర్నాండో కోర్బటో బృందం ఎవరికి వారికి విడిగా పాస్‌వర్డ్ ఇచ్చింది. 1962లో అక్కడే చదువుతున్న ఆలన్ షెర్‌కి వారానికి ఇచ్చిన 4 గంటలు చాలలేదు. ఆయన పాస్‌వర్డ్‌లున్న ఫైలును ప్రింటు తీయమని యంత్రానికే చెప్పి, అందరివీ చేజిక్కించుకున్నాడు. అంటే పాస్‌వర్డ్ పుట్టిన కొద్దికాలానికే దాని దొంగతనమూ పుట్టింది. గుర్తు పెట్టుకోండి, అక్కడ ఎవరూ తమ పాస్‌వర్డ్‌ని పొరపాటున బయట పెట్టలేదు. పోయింది దాచినచోటు నుంచి.

2009లో రాక్‌యూ అనే కంపెనీ దగ్గర్నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డ్‌లు ఇలాగే పోయాయి. వాటిని ఏ ముసుగూ లేకుండా ఉన్నవి ఉన్నట్టు దాచారు. అందులో అందరికంటే ఎక్కువమంది పెట్టుకున్నది 123456. మీ పాస్‌వర్డ్ ఎంత గొప్పదైనా, దాన్నే పది చోట్ల పెడితే, ఆ పదిలో ఒక బలహీనమైన దుకాణం చాలు మిగతా తొమ్మిదీ పోవడానికి. దొంగలు ఒకచోట దొరికిన ఈమెయిల్, పాస్‌వర్డ్ జంటను పట్టుకుని మిగతా సైట్లన్నిటి తలుపులూ తడుతూ పోతారు. అది మనుషులు చేసే పని కూడా కాదు, యంత్రాలే చేస్తాయి.

అందుకే పాస్‌వర్డ్ మేనేజర్‌లో ‘చెకప్’ అని ఒకటుంటుంది, అది నొక్కండి. ఎక్కడైనా బయటపడినవి, రెండు మూడు చోట్ల వాడినవి, మరీ తేలికైనవి, మూడు రకాలుగా విడదీసి చూపిస్తుంది. ఎర్రటి అంకె చూసి కంగారు పడొద్దు. ముందు బయటపడినవి మార్చండి. అందులోనూ ముందు ఈమెయిల్, తర్వాత డబ్బుతో పనున్నవి. మిగతావి నెమ్మదిగా, రోజుకొకటి. కొత్తది మీరు ఆలోచించక్కర్లేదు, ఫోనే పొడవాటిది ఒకటి సూచిస్తుంది, ఒప్పుకోండి. గుర్తుంచుకోవడం దాని పని.

‘తరచూ మార్చాలి, ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలి’ అని మీరు వినే ఉంటారు. ఆ సలహాకు మూలమైన పత్రాన్ని 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ కోసం రాసిన బిల్ బర్, అందులో చాలాభాగానికి విచారిస్తున్నానని 2017లో చెప్పారు. ఆ సంస్థ కూడా అదే ఏడాది మాట మార్చుకుంది: బయటపడిందని తెలిస్తే తప్ప ఊరికే మార్పించొద్దు, పొడవు ముఖ్యం అని. మనుషులు ప్రతిసారీ చేసేది చివర ఒక అంకె మార్చడమే. నేనూ ఏళ్ల తరబడి పిల్లలకు ఆ పాత పాఠమే చెప్పాను. ఇప్పుడు చెప్పను.

సేవ్ చేసుకోవడంలో ఇంకో లాభం ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఫోన్ పాస్‌వర్డ్‌ని సైట్ అసలు చిరునామాకు కట్టి దాస్తుంది. బొమ్మ చూసి గుర్తుపట్టదు. మీకు వాట్సాప్‌లో ఒక లింకు వచ్చింది, నొక్కితే అచ్చం మీ సైట్‌లాగే పేజీ తెరుచుకుంది. రోజూ తనంతట తాను పాస్‌వర్డ్ నింపే ఫోన్ ఆ రోజు ఊరుకుంది. అప్పుడు మీరు చేత్తో టైప్ చేయడం మొదలుపెట్టొద్దు. ఆగి పైన చిరునామా అక్షరం అక్షరం చదవండి. ఒక్కోసారి వేరే కారణం వల్ల కూడా నింపకపోవచ్చు, కానీ ఆగినందుకు నష్టం లేదు. ఇప్పటికే మోసపోయి డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రేపు చూద్దాం అనుకోవద్దు.

మరి ఈ పెట్టెకు తాళం ఏది? మీ ఫోన్ లాకే. పిన్ 0000 అయితే లోపల ఎంత పొడవాటి పాస్‌వర్డ్ ఉన్నా దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. ముఖ్యంగా రిపేరు షాపు గురించి చెప్పాలి. స్క్రీన్ పగిలిందని ఇస్తాం, వాళ్లు ప్యాటర్న్ అడుగుతారు, చిన్న కాగితం మీద తొమ్మిది చుక్కలు వేసి గీత గీసి ఫోన్ వెనకే అతికిస్తారు. ఆ గీతతో మన ఇల్లంతా తెరుచుకుంటుంది. శాంసంగ్ ఫోన్లు చాలావాటిలో మెయింటెనెన్స్ మోడ్, గూగుల్ పిక్సెల్ ఫోన్లలో రిపేర్ మోడ్ ఉన్నాయి. అది పెట్టి ఇస్తే వాళ్లు ఫోన్ పరీక్షించుకోగలరు, మన సంగతులు చూడలేరు. లేకపోతే దగ్గర కూర్చుని చేయించుకోండి.

పుస్తకంలో రాసుకోవడం తప్పా అని అడుగుతారు. తప్పు కాదు, బీరువాలో ఉన్నంతవరకు. ఏటీఎం పిన్‌ను ఎవరి పేరుతోనో ఫోన్ నంబరులా దాచడం, పాస్‌వర్డ్‌ని ఫొటో తీసి గ్యాలరీలో పెట్టడం, వాట్సాప్‌లో మనకు మనమే పంపుకోవడం, ఇవి మాత్రం మానండి.

మన తర్వాత ఇంట్లోవాళ్లకు ఇవి ఎలా అందాలన్నది ఇంకో సంగతి. గూగుల్‌లో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ ఉంది. మీరు ఎంచుకున్నన్ని నెలలు ఖాతా కదలకపోతే మీరు చెప్పినవాళ్లకు కబురు పంపి, మీరు ఇమ్మన్న సమాచారం ఇస్తుంది. ఆపిల్‌లో ‘లెగసీ కాంటాక్ట్’ ఉంది, అంటే మన తర్వాత మన ఖాతా చూసేందుకు ఒకరిని ముందే ఎంచుకోవడం. కానీ ఆపిల్ దారిలో ఫొటోలు వస్తాయే గానీ, దాచిన పాస్‌వర్డ్‌లు రావు. అందుకే ఒక కాగితం మీద రెండే రెండు ముక్కలు రాయండి: ఫోన్ పిన్, జీమెయిల్ పాస్‌వర్డ్. కవరులో పెట్టి, అతికించి, ఆ కవరు ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికి చెప్పండి. మా బాబాయి ఈ ఒక్క పనీ చేసుంటే పిన్నికి ఆ రెండు వారాలు తప్పేవి.

ఇప్పుడు ‘పాస్‌కీ’ అని కొత్తది వస్తోంది. అక్షరాలే ఉండవు, వేలిముద్రతోనో పిన్‌తోనో ఫోనే మన తరఫున జవాబు చెబుతుంది. గూగుల్ ఖాతాలకు 2023 నుంచి ఉంది. కాపీ కొట్టడానికి అక్షరాలు లేవు కాబట్టి మంచిదే. కానీ మొదట ఉన్నవాటిని దారిలో పెట్టుకుందాం.

ఇక నా మాటలు చాలు. మీ ఫోన్లు బయటికి తీయండి. క్రోమ్ తెరవండి, మూడు చుక్కలు నొక్కండి. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను. కన్ను గుర్తు తాకే ముందు మాత్రం ఫోన్‌ని నా వైపు నుంచి అటు తిప్పుకోండి. మీ పాస్‌వర్డ్ నేను కూడా చూడకూడదు.