మర్రిచెట్టు కొట్టించాలా?

యాంకర్: హలో, చెప్పండి. ముందు టీవీ సౌండ్ తగ్గించండి.

కాలర్: ఆయ్, తగ్గించానండి. రాజోలు దగ్గర నుంచండీ. మా అమ్మాయి టెక్సాస్‌లో ఉంటుందండి. రాత్రి పిల్లాడి గదిలోకి గబ్బిలం దూరిందంట. ఒంటిమీద గాటు కూడా లేదు, అయినా రేబిస్ ఇంజెక్షన్లు వేశారు. ఇక్కడ మా చెరువుగట్టు మర్రి నిండా గబ్బిలాలేనండి. చెట్టు కొట్టించేయమంటోంది.

డాక్టర్: చెట్టు జోలికి వెళ్ళకండి. మనవడికి వేయించడం మాత్రం సరైన పనే. గబ్బిలం పళ్ళు సన్నం, నిద్రలో కరిస్తే తెలియదు. అమెరికాలో కుక్కల రేబిస్ రకాన్ని టీకాలతో తుడిచేశారు, 2007లో ప్రకటించారు కూడా. ఇప్పుడక్కడ మనుషులకు సోకేది ఎక్కువగా గబ్బిలాల నుంచే.

కాలర్: రేబిస్ ఎక్కడైనా ఒకటే కదండీ?

డాక్టర్: జబ్బు ఒకటే, వైరస్‌లో రకాలున్నాయి. దాని ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యు రాత, సుమారు 12,000 అక్షరాలు. కాపీ అయ్యేటప్పుడు పడ్డ తప్పుల్ని అది దిద్దుకోదు. అలా మారుతూ మారుతూ ఒక్కో గబ్బిలం జాతిలో ఒక్కో రకం స్థిరపడింది. రోగి దగ్గర దొరికిన వైరస్‌లో ‘ఎన్’ అనే జన్యువు చదివితే, ఏ జాతి గబ్బిలానిదో చాలావరకు చెప్పేస్తారు. 2010లో ఉత్తర అమెరికాలోని 23 జాతుల మీద ఒక పరిశోధన వచ్చింది. మన పెళ్ళి సంబంధాల్లాగే, వైరస్ కూడా దగ్గరి చుట్టాల జాతుల్లోకే ఎక్కువగా వెళ్తోందని తేలింది.

కాలర్: మరి మా చెట్టుమీదవాటి సంగతండీ?

డాక్టర్: అసలు రేబిస్ వైరస్ గబ్బిలాల్లో తిరిగేది అమెరికా ఖండాల్లోనే. ఇటువైపు దాని బంధువులు, లిస్సా వైరస్‌లున్నాయి. శ్రీలంకలో గన్నోరువ అనే లిస్సా వైరస్ దొరికింది, అదీ మన పెద్ద గబ్బిలం జాతిలోనే. అందుకని సపోటా వలలో చిక్కినదాన్ని, కిందపడినదాన్ని ఒట్టిచేత్తో పట్టుకోవద్దు. ఉబ్బసానికి మందని కొట్టి తినేవాళ్ళకీ ఇదే చెప్తున్నాను. గీరితే పదిహేను నిమిషాలు సబ్బునీళ్ళతో కడిగి, టీకాకి వెళ్ళండి. కానీ మన దగ్గర అసలు భయం కుక్కతోనండి.

కాలర్: అన్నట్టు, మా తోటలో కుర్రాణ్ణి పోయిన వారం వీధికుక్క పీకిందండి. పసుపు రాసుకున్నాడు.

డాక్టర్: రక్తం వచ్చిందా?

కాలర్: కొంచెం వచ్చిందండి.

డాక్టర్: ఫోన్ పెట్టేసి వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వారమైంది కదా అని ఊరుకోవద్దు. టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ని అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలు కూడా వేయాలి, అడిగి వేయించండి.