రాగి అంబలి: ముందు పులియాలి, తర్వాతే ఉడకాలి

నమస్కారం అండీ. తిరుపతిలో మా వంటింట్లోనే ఉన్నాం, ఈరోజు అంబలి. గంగమ్మ జాతరకి ఏటా కాస్తాం, అంబలి మాకు కొత్తా అంటారు. కొత్త కాదు. నేను చూపించేది ఒక్కటే, రాగుల్లో ఉన్న ఇనుము మన ఒంటికి పట్టేటట్టు ఎట్ల కాయాలి అని.

పిండి ఒక గ్లాసు. నీళ్ళు మూడు గ్లాసులు. ఉండలు లేకుండా ఇట్ల చిలికేయండి. నేను కవ్వమే వాడతా, ఉండలు కట్టదు, కడగడమూ తేలిక. తోడుకి పుల్ల మజ్జిగ రెండు స్పూన్లు. మొలకెత్తిన రాగుల పిండి ఇంకో స్పూను, ఇదెందుకో చెప్తా. మూత పెట్టేసి రాత్రంతా వదిలేయండి.

ఇక్కడ కాస్త ఆగండి. మా చెల్లెలికి కాన్పుకి ముందు హిమోగ్లోబిన్ 8కి వచ్చేసింది. రోజూ అంబలి ఇచ్చేదాన్ని. కానీ నేను పిండిని ముందు ఉడకబెట్టి, చల్లారినాక పులియబెట్టేదాన్ని. పులుపొచ్చేది, రుచీ బాగుండేది. తప్పు అక్కడే ఉందని చాన్నాళ్ళకి గానీ తెలీలేదు.

బోర్డు చూడండి. ఇది ఫైటిక్ యాసిడ్, రాగుల్లో ఉంటుంది. చుట్టూ ఆరు ఫాస్ఫేట్లు, ఆరు చేతులనుకోండి. ఆ చేతుల్తో ఇనుముని పట్టేసుకుంటుంది. పట్టుకుందా, పేగు దాన్ని పీల్చుకోలేదు, అట్లే బయటికి పోతుంది. ఆ చేతుల్ని తెంపేది ఫైటేజ్ అనే ఎంజైమ్. అది గింజలోనే ఉంది, మొలకొస్తే ఇంకా పెరుగుతుంది. ఆ స్పూను పిండి అందుకే. అయితే దానికి పులుపు కావాలి, పీహెచ్, అంటే పులుపు కొలత, 5 చుట్టుపక్కల ఉంటే బాగా పనిచేస్తుంది. ఆ పులుపు తెచ్చేది మజ్జిగలోని బ్యాక్టీరియా. మీరు ముందే ఉడకబెట్టేశారనుకోండి, ఫైటేజ్ పోయినట్టే. తర్వాత ఎంత పులిసినా పెద్దగా లాభం లేదు. పచ్చిపిండే పులియాలి. మళ్ళీ చెప్తున్నా, పచ్చిపిండి.

ఇదిగో తెల్లారింది. బుడగలు చూడండి, పైన తేట నీళ్ళు తేలాయి. పీహెచ్ పేపర్ ముంచుతా... నారింజ రంగుకి తిరిగింది, అంటే పులిసినట్టే. పేపర్ లేకపోతే ముక్కు చాలు, పుల్లటి వాసన తెలిసిపోతుంది.

పొయ్యి మీద బియ్యం నూకలు ఉడికాయి, అందులో ఈ పులిసిన పిండి పోసేయండి, తెడ్డుతో తిప్పండి, పచ్చివాసన పోయాక దించేయండి. అంతే.

ఉడికితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది కదా అంటారు. అవును. ఫైటిక్ యాసిడ్‌ని విరగ్గొట్టే పని రాత్రే జరిగిపోయింది. బతికున్న బ్యాక్టీరియా కావాలంటే అంబలి పూర్తిగా చల్లారినాక మజ్జిగ కలపండి. పలచగా, అర గ్లాసు చాలు. మజ్జిగలోని కాల్షియం కూడా ఇనుముకి అడ్డమే, అది రాగుల్లోనే 100 గ్రాములకి 364 మిల్లీగ్రాములుంది.

లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ 299వి అని ఒక రకం బ్యాక్టీరియా ఉంది. స్వీడన్‌లో ఆడవాళ్ళకి అది ఇచ్చి చూస్తే ఇనుము ఎక్కువగా ఒంటబట్టింది. మన మజ్జిగలో అదే రకం ఉందని నేను చెప్పను. ప్లాంటారమ్‌లో నాకు భలే నచ్చే సంగతి ఏందంటే, దానికి బతకడానికి ఇనుము అక్కర్లేదు, మాంగనీస్‌తో నెట్టుకొస్తుంది. అంటే మన ఇనుముకి పోటీ రాదు.

ఎర్రగడ్డ ముక్కలు, ఉప్పు. పక్కన ఉసిరికాయ, పచ్చిది. రాగుల్లో ఇనుము ఫెర్రిక్ రూపంలో ఉంటుంది, విటమిన్ సి దాన్ని ఫెర్రస్‌గా మారుస్తుంది. చిన్నపేగు మొదట్లో లోపలికి పోయేది ఆ ఫెర్రస్సే. టీ మాత్రం గంట ఆగి తాగండి.

ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాముల ఇనుము తీసుకోమంటారు, 100 గ్రాముల రాగుల్లో ఉండేది దాదాపు 4.6. కాబట్టి డాక్టర్ ఐరన్ మాత్రలు రాసుంటే అంబలి తాగుతున్నామని మానొద్దండీ. మా చెల్లెలు రెండూ తీసుకుంది, మాత్ర వేరే పూట.