మూర్ఛకు గంజాయి మొక్క మందు: ఆశ ఎంత, ఆధారం ఎంత?

అందరికీ నమస్కారం.

గంజాయి అనగానే కొందరు ముఖం చిట్లిస్తారు, కొందరు ఆశగా ముందుకు వంగుతారు. ఇద్దరికీ ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆ మొక్కలో కన్నబినాయిడ్లు అనే రసాయనాలు వందకు పైగా ఉన్నాయి. ఫిట్స్ తగ్గిస్తుందని గట్టి ఆధారం దొరికింది మాత్రం ఒక్క కన్నబిడయోల్‌కే. పొట్టిగా సీబీడీ అంటాం. మత్తెక్కించేది అదే మొక్కలోని టీహెచ్‌సీ అనే మరో రసాయనం, ఇది కాదు.

ఆలోచన పాతదే. 1840 ప్రాంతంలో కలకత్తాలో ఓషానెస్సీ అనే వైద్యుడు ఫిట్స్‌తో అల్లాడుతున్న పసిబిడ్డకు గంజాయి టింక్చర్, అంటే ఆల్కహాల్‌లో తీసిన సారం ఇచ్చి, ఏం జరిగిందో రాసిపెట్టారు. ఆ చుక్కల్లో ఏ పదార్థం ఎంతుందో ఆయనకు తెలిసే దారి లేదు. సీబీడీ అణువు నిర్మాణం 1963లో గానీ తేలలేదు.

అసలు పరీక్ష 2017లో అచ్చయింది. డ్రావే సిండ్రోమ్ అని ఒక జబ్బు ఉంది. పుట్టిన ఏడాదిలోపే ఫిట్స్ మొదలవుతాయి, మందులకు ఒక పట్టాన లొంగవు. అలాంటి 120 మందిని, 2 నుంచి 18 ఏళ్లవాళ్లను తీసుకున్నారు. వాడుతున్న మందులు మాన్పించకుండానే కొందరికి సీబీడీ, మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు, అంటే ప్లసీబో ఇచ్చారు. ఎవరికి ఏది వెళ్లిందో డాక్టర్లకూ తెలియదు, అమ్మానాన్నలకూ తెలియదు. సీబీడీ వాడినవాళ్లలో నెలకు 12.4 ఉన్న ఫిట్స్ 5.9కి దిగాయి. రెండోవైపు 14.9 కాస్తా 14.1 అయ్యాయి, అంతే.

నన్ను ఆపేసిన లెక్క వేరే ఉంది. ఫిట్స్ కనీసం సగానికి తగ్గినవాళ్లు సీబీడీ వైపు 43 శాతం, ప్లసీబో వైపు 27 శాతం. ఉత్తుత్తి మందుతోనే నలుగురిలో ఒకరికి పైగా! ఫిట్స్ వాటంతటవే పెరుగుతుంటాయి, తగ్గుతుంటాయి. బాగా పెరిగినప్పుడే కదా మనం కొత్త మందు కోసం పరుగెత్తేది. అందుకని "మావాడికి ఆ సీబీడీ నూనె పనిచేసింది" అని ఎవరన్నా చెబితే వాళ్లు అబద్ధమాడుతున్నారని కాదు. నూనె వల్లే తగ్గిందని ఆ ఒక్క మాటతో తేల్చలేం.

2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డ్రావేకు, చిన్నతనంలోనే మొదలయ్యే మరో మొండి మూర్ఛ లెన్నాక్స్-గాస్టో సిండ్రోమ్‌కు సీబీడీని అనుమతించింది. 2020లో ట్యూబరస్ స్క్లెరోసిస్ చేరింది, అది మెదడులోనూ ఇతర అవయవాల్లోనూ గడ్డలు పెరిగే జన్యు జబ్బు. అన్నీ అరుదైన జబ్బులే. సీబీడీకి చుట్టమైన మరో కన్నబినాయిడ్ సీబీడీవీని పెద్దవాళ్ల ఫోకల్ ఫిట్స్ (మెదడులో ఒక చోట మొదలయ్యేవి) మీద పరీక్షిస్తే ప్లసీబోను దాటలేకపోయింది. ఒకే మొక్క, ఒకే కుటుంబం, ఫలితం మాత్రం వేరు.

డోసు సంగతి చూడండి. డ్రావేకు గరిష్ఠ మోతాదు రోజుకు కిలోకు 20 మిల్లీగ్రాములనుకుంటే, 20 కిలోల పిల్లకు రోజుకు 400 మిల్లీగ్రాములు కావాలి. 2017లోనే అచ్చయిన మరో అధ్యయనంలో, ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షిస్తే, లేబుల్ సరిగ్గా ఉన్నవి 26. పద్దెనిమిదింటిలో టీహెచ్‌సీ దొరికింది. వాటితో పిల్లల డోసు లెక్కకట్టడం నాకైతే భయం.

సీబీడీ తోటి మందుల జోలికీ వెళ్తుంది. క్లోబజామ్ అనే ఫిట్స్ మందు వాడే పిల్లల్లో దాని నుంచి పుట్టే చురుకైన పదార్థాన్ని రక్తంలో మూడు రెట్ల దాకా పెంచుతుంది. పిల్ల మగతగా పడి ఉంటే ముందు చూడాల్సింది ఇదే. వాల్‌ప్రోయేట్ అనే మరో ఫిట్స్ మందు తోడైతే లివర్ ఎంజైములు పెరగొచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు, తర్వాత కూడా రక్తపరీక్ష తప్పదు. కొవ్వున్న భోజనంతో వేస్తే ఒంట్లో చేరే మందు నాలుగైదు రెట్లవుతుంది. కాబట్టి తిన్నాక వేస్తే రోజూ తిన్నాకే, ఖాళీ కడుపుతో అయితే రోజూ అలాగే వేయండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.