బాయి మూతపడ్డాక ఊరి పాలన ఏమవుతుంది: తకాషిమా కథ

అందరికీ నమస్కారం. మీలో సగం మంది బొగ్గు బాయి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. జపాన్‌లో నాగసాకి రేవు నుంచి పడవెక్కితే అరగంట దాటాక తకాషిమా అనే దీవి వస్తుంది. 2005 జనవరి 3 దాకా దానికి సొంత మేయర్, సొంత కౌన్సిల్ ఉండేవి. మర్నాటి నుంచి అది నాగసాకి నగరంలో ఒక పేట.

ఆ టౌన్ మొత్తం విస్తీర్ణం ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు కూడా లేదు. అంత చిన్నచోట టౌన్ ఎందుకు పుట్టిందంటే ఒకటే కారణం, సముద్రం అడుగున బొగ్గు. 1868లో స్కాట్లాండ్ వ్యాపారి థామస్ గ్లోవర్, సాగా సంస్థానం కలిసి పని మొదలుపెట్టారు, మరుసటి ఏడాదే ఆవిరి యంత్రంతో బొగ్గు పైకి తోడారు. 1881లో మిత్సుబిషి కంపెనీ ఈ గనిని కొన్నది, 1890లో పక్కనే ఉన్న హాషిమా దీవిని కూడా. 1888లో తకాషిమా కూలీల బతుకు ఎంత ఘోరంగా ఉందో పత్రికల్లో వచ్చి దేశమంతా గగ్గోలైంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కొరియన్లను, చైనీయులను పట్టుకొచ్చి ఈ బాయిల్లో బలవంతంగా పని చేయించారు. ఈ ముక్క వదిలేసి తకాషిమా చరిత్ర చెప్పడం తప్పని నా గట్టి అభిప్రాయం.

1948లో తకాషిమా టౌన్ అయింది. 1955లో తకాహామా అనే ఊరి కింద ఉన్న హాషిమాను దీనిలో కలిపారు. హాషిమా గురించి కాస్త ఆగి చెప్పాలి. పొడవు 480 మీటర్లు, వెడల్పు 160 మీటర్లు, 1959లో జనం 5,259. 1916లోనే అక్కడ కాంక్రీటు అపార్ట్‌మెంట్ కట్టారు, తర్వాత దాన్ని ఏడంతస్తులకు పెంచారు, బడి కూడా తర్వాత్తర్వాత ఏడంతస్తులకు పెరిగింది. మట్టి లేదు కాబట్టి బయటి నుంచి మట్టి తెచ్చి మేడల మీద పోసి కూరగాయలు వేశారు. 1957లో సముద్రం కింద పైపు వేసేదాకా మంచినీళ్లకు పడవలే దిక్కు. పెద్ద అధికారులకు ఎత్తున, గాలి తగిలేచోట సొంత స్నానాల గది ఉన్న ఇళ్లు, బాయిలోకి దిగే మనిషికి ఇరుకు గది, నలుగురితో కలిసి వాడుకునే ఉమ్మడి మరుగుదొడ్డి. ఎవరికి ఏ గది ఇవ్వాలన్నది కంపెనీ ఇష్టం, జనం ఓట్లేసి గెలిపించిన కౌన్సిల్‌ది కాదు. ఇల్లు, జీతం, కరెంటు అన్నీ ఒక్క కంపెనీ చేతిలో ఉన్నప్పుడు మేయర్ ఎంత మంచివాడైనా ఏం చేయగలడు చెప్పండి?

1974 జనవరిలో హాషిమా బాయి మూసేశారు, ఏప్రిల్ కల్లా దీవి మొత్తం ఖాళీ. మూడు నెలలు, అంతే. 1986 నవంబరులో తకాషిమా బాయి కూడా మూతపడింది. పని పోతే జనం పోతారు, జనం పోతే పన్ను పోతుంది, కానీ రోడ్డు, నీళ్లు, బడి, ఆసుపత్రి ఖర్చు అలాగే ఉంటుంది. బెల్లంపల్లి, ఇల్లందు వాళ్లకు ఇది నేను విడమరిచి చెప్పక్కర్లేదు. టౌన్ ఆఫీసు మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు, టూరిస్టుల కోసం బీచ్ వేసింది, టమాటా సాగు పెట్టించింది. ఆ తియ్యటి తకాషిమా టమాటాకు ఈరోజుకీ పేరుంది. కానీ వేల మందికి కూడు పెట్టిన బాయి స్థానంలో టమాటా తోట ఎంతమందికి పని ఇస్తుంది?

2000 తర్వాత జపాన్ ప్రభుత్వం చిన్న ఊళ్లన్నిటినీ కలిపేయమని ఒత్తిడి తెచ్చింది, కలిస్తే డబ్బు సాయం అని ఆశ కూడా చూపింది. 1999లో 3,232 ఉన్న పురపాలికలు, గ్రామాలు 2006 మార్చి నాటికి 1,821కి దిగాయి. ఆ ఊపులోనే నాగసాకి ఒక్కరోజున తకాషిమాతో కలిపి ఆరు టౌన్లను తనలో కలుపుకుంది. అప్పటికి తకాషిమాలో మిగిలింది వెయ్యిమంది లోపే. లెక్కల ప్రకారం ఇంకో దారి లేదనే నేనూ ఒప్పుకుంటాను. అయినా నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. కంపెనీ హాషిమాను టౌన్‌కు ఉచితంగా ఇచ్చేసి అప్పటికి ఎన్నో ఏళ్లు కాలేదు. విలీనంతో అది నగరం చేతికి వెళ్లింది, 2009లో టూరిస్టులను దిగనిచ్చారు, 2015లో రెండు బాయిలూ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. దీవి పేరు ప్రపంచమంతా మోగే రోజొచ్చేసరికి దాని గురించి తీర్మానం చేయడానికి ఊరికి కౌన్సిలే లేదు. తకాషిమాలో మిగిలిన కొన్ని వందల ఓట్లు ఇప్పుడు దాదాపు నాలుగు లక్షల జనమున్న నాగసాకి ఎన్నికల్లో పడుతున్నాయి.