ఏజెంట్ పేరు పక్కన ఆ అక్షరాలేంటి?

[తెర మీద: ఒక విజిటింగ్ కార్డు. పేరు మసకగా ఉంటుంది. పక్కన ఏబీఆర్, సీఆర్ఎస్, పీఎస్‌ఏ అని వరసగా అక్షరాలు.]

ఈ కార్డు చూడండి. పేరు చిన్నది, తోక పెద్దది. అమెరికాలో ఇల్లు కొందామని బయల్దేరితే ఇలాంటి కార్డులు నాలుగైదు చేతికొస్తాయి. డాక్టర్ బోర్డు మీద డిగ్రీలు చూసినట్టే వీటినీ చూసి, ఈయనెవరో బాగా చదువుకున్న మనిషే అనుకుంటాం. కొన్ని అక్షరాల విషయంలో అది నిజం. కొన్నింటి వెనక మాత్రం ఒక రోజు క్లాసు, ఒక అప్లికేషన్ ఫీజు, అంతే.

వీటిలో చాలావాటిని అక్కడ డిజిగ్నేషన్లు అంటారు. మన ఆఫీసుల్లో డిజిగ్నేషన్ అంటే హోదా. ఇక్కడ అది కాదు. అదనంగా ఏదో నేర్చుకున్నారని ఒక సంస్థ ఇచ్చే గుర్తింపు.

ముందు లైసెన్సు సంగతి. అది రాష్ట్ర ప్రభుత్వం ఇస్తుంది, అది లేకుండా ఏజెంట్‌గా పని చేయకూడదు. కానీ దానికి ముందు చదవాల్సిన గంటలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి. టెక్సస్‌లో 180 గంటలు, కాలిఫోర్నియాలో 135, ఫ్లోరిడాలో 63, మసాచుసెట్స్‌లో 40. ఆ గంటల్లో చెప్పేది ఎక్కువగా చట్టం, కాంట్రాక్టులు, ఏజెంటు బాధ్యతలు. ఇన్‌స్పెక్షన్ రిపోర్టులో రూఫ్ పాడైందని వస్తే అమ్మేవాళ్ళతో ఎలా మాట్లాడాలి, పది ఆఫర్లు పోటీ పడుతున్న ఇంటికి మన ఆఫర్ ఎలా రాయాలి, ఇవన్నీ పనిలో దిగాకే వస్తాయి. డిజిగ్నేషన్లు పుట్టింది ఈ ఖాళీలోనే.

[తెర మీద: "రియల్టర్" అన్న పదం]

ఇంకో చిన్న పొరపాటు. రియల్టర్ అనేది డిగ్రీ కాదు, డిజిగ్నేషన్ కూడా కాదు. 1908లో షికాగోలో మొదలైన సంఘం ఇప్పుడు నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్. అందులో సభ్యత్వం ఉన్నవాళ్ళే ఆ మాట వాడుకోవాలి. మినియాపొలిస్‌కు చెందిన చార్లెస్ చాడ్‌బర్న్ 1916లో ఆ పదాన్ని పుట్టించాడు. సభ్యులు 1913లో మొదలైన నీతి నియమావళికి కట్టుబడాలి, అది మంచిదే. అంతకు మించి పనితనం గురించి ఆ పదం ఏమీ చెప్పదు.

ఇప్పుడు అసలు అక్షరాలు. ప్రతిదాని దగ్గరా నేను అడిగే ప్రశ్న ఒకటే: ఇది రావడానికి ఏం చేయాలి?

ఏబీఆర్ తీసుకుందాం. కొనేవాళ్ళ తరఫున పని చేసే ఏజెంట్ల కోసం ఇది. కోర్సు రెండు రోజులే. కానీ కోర్సు అయిపోగానే అక్షరాలు రావు. కొనేవాళ్ళ తరఫున ఐదు డీల్స్ పూర్తి చేసినట్టు కాగితాలు చూపించాలి. ఐదు పెద్ద సంఖ్య కాదు. అయినా మొదటి ఇల్లు మీ మీదే నేర్చుకునే మనిషి కాదని తెలుస్తుంది, ఆ మాత్రం ధైర్యం చాలు.

సీఆర్ఎస్ ఇంకా బరువైనది. ఇళ్ళ అమ్మకాల్లో అనుభవం ఉన్నవాళ్ళకు ఇస్తారు. కోర్సుల గంటలతో పాటు పదుల సంఖ్యలో డీల్స్ ముగించినట్టో, పెద్ద మొత్తంలో అమ్మకాలు చేసినట్టో రుజువు కావాలి. మీరు కొనేది షాపింగ్ కాంప్లెక్సో ఆఫీసు బిల్డింగో అయితే సీసీఐఎం కోసం చూడండి. పెట్టుబడి లెక్కల కోర్సులు, చేసిన పనుల వివరాలు, చివర్లో పెద్ద పరీక్ష. ఈ రంగంలో దీన్ని తేలిగ్గా తీసేసేవాళ్ళు తక్కువ.

ఎస్‌ఆర్‌ఈఎస్ 50 ఏళ్ళు దాటిన క్లయింట్ల కోసం. అమ్మానాన్నల పెద్ద ఇల్లు అమ్మి చిన్నదానికి మారుస్తుంటే ఉపయోగం. ఎమ్‌ఆర్‌పీ సైనిక కుటుంబాల బదిలీల కోసం. పీఎస్‌ఏ ధర కట్టడం మీద. చివరి రెండూ డిజిగ్నేషన్లు కావు, సర్టిఫికేషన్లు. తేడా ఏంటంటే, సర్టిఫికేషన్‌కి ఒకసారి ఫీజు కడితే సరి, డిజిగ్నేషన్‌కి మామూలుగా ఏటా కడుతూ ఉండాలి. కట్టడం మానేస్తే అక్షరాలు తీసేయాలి. అంటే కార్డు మీద అవి ఉన్నాయంటే చదువుతో పాటు ఈ ఏడాది బిల్లు కూడా కట్టారన్నమాట.

[తెర మీద: రెండు బాణాలు, ఎదురెదురుగా]

కోర్సులు అమ్మేవాళ్ళు తరచూ చెప్పే మాట ఒకటుంది: డిజిగ్నేషన్ ఉన్నవాళ్ళ సంపాదన ఎక్కువ. ఉండొచ్చు. కానీ ఏది ముందు, ఏది వెనక? సీఆర్ఎస్ రావాలంటేనే బోలెడు డీల్స్ చేసి ఉండాలి కదా. అంటే డబ్బు ముందొచ్చింది, అక్షరాలు తర్వాత వచ్చాయి.

మరి ఏజెంట్లకు లాభం లేదా? ఉంది. నా లెక్కలో అసలు లాభం క్లయింట్ల దగ్గర కంటే తోటి ఏజెంట్ల దగ్గరే. డాలస్‌లో మీ ఇల్లు అమ్మిపెట్టిన ఏజెంటుకి సియాటిల్‌లో ఎవరూ తెలియదు. మిమ్మల్ని ఎవరికి అప్పజెప్పాలి? తనలాగే సీఆర్ఎస్ ఉన్నవాళ్ళ జాబితా తెరిచి చూస్తారు. ఇలా పంపినందుకు అవతలి ఏజెంటు కమీషన్లో చాలాసార్లు 25 శాతం దాకా వాటా వస్తుంది. ఏడాది ఫీజు ఒక్క రిఫరల్‌తో తిరిగొచ్చేస్తుంది.

ఈ అక్షరాల వెనక ఏముందో తెలుసుకోవడం కొనేవాళ్ళకు 2024 తర్వాత ఇంకా ముఖ్యమైంది. కమీషన్ల మీద నడిచిన కేసులో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 41 కోట్ల 80 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. 2024 ఆగస్టు 17 నుంచి కొత్త పద్ధతి వచ్చింది. ఏజెంటు మీకు ఇల్లు చూపించే ముందే రాతపూర్వక అగ్రిమెంటు ఉండాలి, అందులో వాళ్ళ ఫీజు స్పష్టంగా ఉండాలి. ఇదివరకు ఆ ఫీజు ఎక్కడి నుంచి పోతుందో చాలామందికి తెలిసేదే కాదు. ఇప్పుడు అంకె మీ కళ్ళ ముందే ఉంటుంది. "నాకు ఏబీఆర్ ఉంది, అందుకే నా ఫీజు ఇంత" అని వాళ్ళు అంటే, "అది వచ్చాక ఎన్ని డీల్స్ చేశారు? అందులో ఈ ఏరియాలో ఎన్ని?" అని మీరు అడగండి. మొహమాటం అక్కర్లేదు, ఇది ఇంటర్వ్యూనే.

ఇంకోటి. అక్షరాలు చూసే ముందు రాష్ట్ర రియల్ ఎస్టేట్ విభాగం వెబ్‌సైట్లో లైసెన్సు వెతకండి. టెక్సస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల క్రమశిక్షణ చర్యలు ఏమైనా ఉంటే కూడా కనిపిస్తాయి. రెండు నిమిషాల పని. ఇక అగ్రిమెంటు విషయానికొస్తే, గడువూ ఫీజూ రెండూ మాట్లాడుకునేవే. ఆరు నెలలకు సంతకం పెట్టమంటే, ముందు ఒక్క వారానికి రాయమనండి. ఆ వారంలో మనిషి పని నచ్చితే పొడిగించుకోవచ్చు.