తిలా పాపం తలా పిడికెడు, అందులో నా పిడికెడు

అందరికీ నమస్కారం. సభాధ్యక్షులు గారికి, కమిటీ పెద్దలకి, పొద్దుట్నుంచి కుర్చీలు మోసిన కుర్రాళ్ళకి, వంటలు చేసుకొచ్చిన ఆడవాళ్ళకి, అందరికీ పేరు పేరునా చెప్పాలనే ఉంది కానీ నాకిచ్చిందే ఇరవై నిమిషాలు, అందులో ఐదు ఈ మైకు మింగేసింది. కాబట్టి పేర్లు వదిలేస్తున్నా, ఏమీ అనుకోకండి.

నాకిచ్చిన టాపిక్ "బ్రెగ్జిట్ ఎవరి పాపం?" అని. మామూలుగా దీపావళికి ఇలాంటివి పెట్టరు, కానీ పోయిన నెల మన వాట్సాప్ గ్రూపులో ఈ విషయం మీద జరిగిన యుద్ధం చూసి, కమిటీ వాళ్ళు ఎవరో ఒకళ్ళు మాట్లాడి తేల్చేస్తే పోతుందనుకున్నట్టున్నారు. తేలదండీ, ముందే చెప్తున్నా. మూడో వరసలో మా ఆవిడ కూర్చుని ఉంది, ఆవిడకి కూడా ముందే చెప్తున్నా, ఇవాళ నేను చెప్పబోయే ఒక విషయం నీకు తెలీదు, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం.

సరే, లెక్కలు ముందు. 2016 జూన్ 23, బ్రిటన్ ఈయూలో, అంటే యూరోపియన్ యూనియన్‌లో, ఉండాలా బయటికి రావాలా అని రిఫరెండం, అంటే జనమంతా ఓటేసి తేల్చే పని, పెట్టిన రోజు. ఓటున్నవాళ్ళు 4 కోట్ల 65 లక్షల మంది. లీవ్‌కి, అంటే బయటికి రావడానికి, పడ్డవి కోటీ 74 లక్షలు, రిమెయిన్‌కి, అంటే ఉండిపోడానికి, కోటీ 61 లక్షలు. తేడా 12 లక్షల 70 వేలు. అసలు ఓటే వెయ్యనివాళ్ళు దాదాపు కోటీ 29 లక్షలు, అంటే తేడాకి పదింతలు! స్కాట్లండ్ 62 శాతం రిమెయిన్, నార్తర్న్ ఐర్లండ్ కూడా రిమెయిన్, ఇంగ్లండ్ వేల్స్ లీవ్. లండన్ పక్కనున్న మన స్లౌ ఏంటో తెలుసా? 54 శాతం లీవ్. ఆ, ఎవరో "అవునా" అంటున్నారు. అవునండీ. ఇంతమంది బయట్నుంచి వచ్చినవాళ్ళం ఉన్న స్లౌలో లీవ్ గెలిచింది.

ఇక మర్నాటి నుంచీ మొదలైంది చూడండీ తప్పు ఎవరిది అనే ఆట. ప్రధాని కామెరాన్ పొద్దున్నే డౌనింగ్ స్ట్రీట్ గుమ్మంలోకొచ్చి రాజీనామా అన్నాడు. ప్రతిపక్షం లేబర్ వాళ్ళు జూన్ 28 కల్లా 172 మంది ఎంపీలు తమ నాయకుడు కార్బిన్ మీద అవిశ్వాసం ఓటేశారు, ఆయన వైపు 40 మంది. ఎందుకంటే ఆయన టీవీలో, ఈయూ మీద నా ఇష్టం పదికి ఏడో ఏడున్నరో అన్నాడు, అలా అంటే జనం ఎందుకేస్తారని. నాకు మాత్రం ఈ మొత్తం గోలలో నిజం చెప్పిన మనిషి ఆయనొక్కడే అనిపిస్తుంది, పదికి ఏడు అనేది సంసారం చేసిన ప్రతివాడికీ అర్థమయ్యే మార్కు. కామెరాన్ పార్టీలోని బోరిస్ జాన్సనేమో రిమెయిన్‌కి ఒక వ్యాసం, లీవ్‌కి ఒక వ్యాసం, రెండూ రాసి పెట్టుకుని లీవ్ వ్యాసం బయటికి తీశాడు. గెలిచాక, తనతో కలిసి లీవ్ ప్రచారం చేసిన గోవ్ వెన్నుపోటు పొడిస్తే వారంలోపలే ప్రధాని రేసు నుంచి తప్పుకున్నాడు. ఈయూ వద్దనే యూకిప్ పార్టీ నాయకుడు ఫరాజ్ జూలై 4న, నా పని అయిపోయిందని పార్టీ పదవికి రాజీనామా. పెళ్ళి చేసినవాళ్ళందరూ భోజనాలకి ముందే వెళ్ళిపోయినట్టు!

నన్నడిగితే రాజకీయంగా పెద్ద వాటా కామెరాన్‌దే, అందులో నాకు అనుమానం లేదు. 2013 జనవరిలో, గెలిపిస్తే రిఫరెండం పెడతా అన్నాడు, సొంత పార్టీలో గోల చేసేవాళ్ళ నోరు ముయ్యడానికీ, అటు యూకిప్‌కి ఓట్లు పోకుండానూ. 2015లో మెజారిటీ వచ్చేసింది, మాట నిలబెట్టుకోక తప్పలేదు. పెట్టాడు బానే ఉంది, ఎలా పెట్టాడు? 1979లో స్కాట్లండ్‌కి సొంత అసెంబ్లీ కావాలా అని రిఫరెండం పెడితే 51.6 శాతం ఔనన్నారు, అయినా చెల్లలేదు. ఎందుకంటే మొత్తం ఓటర్లలో 40 శాతం ఔననాలని రూలు, వచ్చింది 32.9. అదే రూలు 2016లో ఉండుంటే? లీవ్‌కి వచ్చింది మొత్తం ఓటర్లలో 37 శాతమే. చెల్లేది కాదు. స్కాట్లండ్ పార్టీ ఎస్ఎన్‌పీ వాళ్ళు యూకేలోని నాలుగు దేశాలూ ఒప్పుకుంటేనే అని సవరణ పెట్టారు, కొట్టేశారు. చట్టం ప్రకారం అది సలహా ఓటు మాత్రమే, కానీ ఇంటింటికీ పంచిన కరపత్రంలో మీరేం తేలిస్తే అదే చేస్తాం అని రాశారు. గుర్తుందా ఆ కరపత్రం? 93 లక్షల పౌండ్లు పెట్టి ప్రింటు చేసి పంచారు. మా ఇంట్లో అది మా పాప స్కూలు ప్రాజెక్టుకి అట్టగా పనికొచ్చింది. ఆయన 2019లో ఆత్మకథ రాశాడు, అందులో కూడా ఓడిపోయినందుకు బాధపడ్డాడు కానీ పెట్టడం తప్పని ఒప్పుకోలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

లీవ్ ప్రచారం వాళ్ళ ఎర్ర బస్సు గురించి మీకందరికీ తెలుసు, ఈయూకి వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామని దాని మీద రాశారు. థాచర్ కాలం నుంచీ వస్తున్న రిబేటు తీస్తే 25 కోట్లు, అందులోంచి రైతులకీ ఊళ్ళకీ తిరిగొచ్చేది తీస్తే ఇంకా తక్కువ. ప్రభుత్వ గణాంకాల సంస్థే తప్పుదోవ పట్టించేలా ఉందని చెప్పింది, అయినా బస్సు తిరుగుతూనే ఉంది. జో కాక్స్ అనే ఎంపీని ఓటింగుకి వారం ముందు వీధిలో చంపేశారు, ఇద్దరు చిన్నపిల్లల తల్లి, అప్పుడు కూడా రెండు మూడు రోజులు ప్రచారం ఆపి మళ్ళీ మొదలెట్టారు.

తర్వాత వంతు ఓటర్లది. ముసలాళ్ళు మా భవిష్యత్తు కాల్చేశారని పిల్లలు, ఉత్తరాది వాళ్ళు చదువులేనివాళ్ళని లండన్ వాళ్ళు. సండర్‌లండ్‌లో ఈయూకి కార్లు అమ్మే నిస్సాన్ ఫ్యాక్టరీ మీద బతుకుతూ 61 శాతం లీవ్‌కేశారని ఎంత నవ్వారో. లైబ్రరీలు మూసి, బస్సులు తీసేసి, ఏళ్ళ తరబడి కోతలు పెట్టినవాళ్ళ మీద కోపం వాళ్ళది, చేతికి దొరికింది ఈయూ. అత్త మీద కోపం దుత్త మీద. దుత్త పగిలింది, అత్త బానే ఉంది.

ఆ చీటీ అందింది అధ్యక్షా, పది నిమిషాలే కదా, సరే.

ఇంతసేపు నేను చెప్పిన పేర్లలో ఈ హాల్లో ఉన్నవాళ్ళెవరన్నా ఉన్నారా? లేరు కదా. వాట్సాప్ యుద్ధంలో 200 పైచిలుకు మెసేజీలు నేను మొన్న కూర్చుని మళ్ళీ చదివా. వాడు, వీడు, వాళ్ళు, గోరాలు, ముసలాళ్ళు. "నేను" అన్న మాట ఒక్క మెసేజీలో లేదు. గుమ్మడికాయల దొంగ అంటే ఒక్కడన్నా భుజాలు తడుముకోవాలి కదండీ.

ఇక్కడున్నవాళ్ళలో చాలామందికి 2016లో ఇండియన్ పాస్‌పోర్టే. అయినా మనకి ఓటుంది. కామన్వెల్త్ వాళ్ళం కాబట్టి వీసా మీదున్నా ఓటే. మా పక్కింటావిడ పోలండ్ ఆవిడ, 2005లో వచ్చింది, నర్సింగ్ హోములో నైట్ డ్యూటీలు. పదకొండేళ్ళు టాక్సు కట్టింది, ఓటు లేదు. ఐర్లండ్, మాల్టా, సైప్రస్ తప్ప ఈయూ వాళ్ళెవరికీ లేదు. నేనొచ్చి అప్పటికి ఐదేళ్ళు, నాకుంది. ఎవరి బతుకు గురించి అడుగుతున్నారో వాళ్ళకి ఓటు లేదు, నిన్నగాక మొన్న దిగినవాడికుంది. ఈ విడ్డూరం గురించి అప్పుడు మనలో ఎవడన్నా మాట్లాడాడా? నేనైతే లేదు.

ఆ రోజు వాన. లండన్ చుట్టుపక్కల కుండపోత. నేనూ మా ఆవిడా ఒకే గొడుగులో స్కూలుకెళ్ళాం ఓటెయ్యడానికి. చెక్క బూతు, తాడుకి కట్టిన పెన్సిలు, గుర్తుందా, పెన్సిలుతో వేస్తే చెరిపేస్తారని అప్పుడొక పుకారు, జనం పెన్నులు తెచ్చుకున్నారు. నేను పెన్సిలుతోనే వేశా.

లీవ్‌కి.

ఆ, మా ఆవిడ నా వైపు చూస్తోంది. చూడనీండి. రిమెయిన్ అని చెప్పా ఆవిడకి అప్పట్నుంచీ. తను రిమెయిన్‌కే వేసింది, అంటే ఒకే గొడుగులో వెళ్ళి ఒకళ్ళ ఓటు ఒకళ్ళం కొట్టేసుకుని వచ్చాం.

ఎందుకేశా అంటే, ఈయూ వాళ్ళని ఆపితే మనవాళ్ళకి వీసాలు పెరుగుతాయని. మా తమ్ముడికి అప్పటికి రెండుసార్లు రిజెక్టయింది. అప్పటి మంత్రి ప్రీతి పటేల్ గారు కర్రీ రెస్టారెంట్లు బతకాలంటే లీవ్‌కి వెయ్యమని తిరిగారు, మన హాలులోనే ఒకాయన లెక్కేసి చూపించాడు, అక్కడొకడు తగ్గితే ఇక్కడొకడు పెరుగుతాడని. బస్సు మీద అబద్ధం నమ్మినవాళ్ళని చూసి నవ్వాం కానీ మన బస్సు మనకీ ఉందండీ, దాని మీద వీసా అని రాసుంది, అంతే.

నిజానికి వీసాలు వచ్చాయి కూడా. 2021లో చదువయ్యాక రెండేళ్ళు ఉండొచ్చన్నారు, మన పిల్లలు విమానాల నిండా వచ్చారు. తర్వాత 2024లో స్టూడెంట్లు భార్యాభర్తల్ని తెచ్చుకోడం చాలా కోర్సులకి ఆపేశారు, ఏప్రిల్‌లో ఉద్యోగం వీసాకి ఉండాల్సిన జీతం హద్దు 26,200 నుంచి 38,700 పౌండ్లకి పెంచారు. 2016లో పోలండ్ వాళ్ళని అన్న మాటలే ఇప్పుడు మనల్ని అంటున్నారు, చాలా చోట్ల అంటున్నవాళ్ళూ వాళ్ళే. కానీ నేను చెప్పాలనుకున్నది ఇది కాదు.

2019 ఏప్రిల్‌లో ఒక శనివారం ఆ పక్కింటి పోలండ్ ఆవిడ మా తలుపు కొట్టింది. చేతిలో పాస్‌పోర్టు. ఈయూ వాళ్ళు ఇక్కడే ఉండాలంటే సెటిల్డ్ స్టేటస్‌కి, అంటే ఇక్కడ ఉండిపోయే హక్కుకి, ఒక యాప్‌లో అప్లై చెయ్యాలి, ఆ యాప్ అప్పుడు ఆండ్రాయిడ్‌లోనే పనిచేసేది, ఆవిడది ఐఫోను. మీ ఫోను ఒక్క అరగంట ఇస్తారా అంది. పద్నాలుగేళ్ళు ఇక్కడున్న మనిషి ఇక్కడ ఉండొచ్చా అని అడగడానికి నా ఫోను కావాల్సొచ్చింది. మా కిచెన్ టేబులు మీద ఆ పాస్‌పోర్టు పెట్టి దాని మీద ఫోను పెట్టాం, చిప్పు చదవడం లేదు. కొంచెం కిందకి జరిపాం, లేదు. కవరు తీసేశాం, లేదు. ఐదోసారికి చదివింది. తర్వాత మొహం స్కాన్ చెయ్యాలి, స్క్రీను మీద రంగులు మారుతుంటాయి, ఆవిడ నైట్ డ్యూటీ చేసొచ్చిందేమో కళ్ళు వాచిపోయి ఉన్నాయి, నీలం, ఆకుపచ్చ, ఎరుపు ఆ మొహం మీద పడుతుంటే ఫోను నేనే పట్టుకున్నా. నా చెయ్యి వణుకుతోందని ఆవిడ నవ్వింది.

టీ తాగుతూ అంది, "ఆ రోజు మీరు మా కోసం ఓటేశారు, నాకు గుర్తుంది" అని. ఎందుకంటే రిజల్టు వచ్చిన శుక్రవారం పొద్దున చెత్త డబ్బాలు బయట పెడుతుంటే ఆవిడ అడిగింది, దేనికేశావని, రిమెయిన్ అని చెప్పా. మా ఆవిడకి చెప్పిన అబద్ధమే, రెండోసారికి ఇంకా తేలిగ్గా వచ్చింది.

నేనేం మాట్లాడలేదు. బిస్కెట్లు ఆవిడ వైపు జరిపా.

ఇప్పుడు నా ఒక్క ఓటుతో ఏమీ మారలేదు, తేడా 12 లక్షల 70 వేలు, లెక్క నాకూ తెలుసు. కామెరాన్ వాటా నేను నెత్తిన పెట్టుకోవట్లేదు, ఆయన పాపం ఆయనదే. ఆ ఫోను పట్టుకున్న చేతిది మాత్రం ఎవరి లెక్కలో వేస్తారు? ఏ టీవీ చర్చలోనూ దానికి కాలమ్ లేదు.

ఒక పని చేద్దాం. లీవ్‌కి వేసినవాళ్ళు చెయ్యెత్తండి. పర్లేదు, ఫొటోలు తియ్యొద్దు బాబూ, ఫోను కింద పెట్టు. ఒకటి... వెనకాల ఇంకొకటి. డాక్టర్ గారూ, మీరా! సరే సరే, దించేయండి. అసలు ఓటే వెయ్యనివాళ్ళు? అబ్బో, మీరే ఎక్కువున్నారు, వాట్సాప్‌లో అరిచింది కూడా మీరే.

ఆవిడ 2021లో పోలండ్ వెళ్ళిపోయింది. బ్రెగ్జిట్ వల్ల వెళ్ళిందని చెప్తే ప్రసంగానికి బాగుండేది గానీ కాదు, వాళ్ళమ్మకి బాగోలేక వెళ్ళింది. వెళ్తూ వాళ్ళ నిచ్చెన మాకిచ్చింది. ప్రతి క్రిస్మస్‌కీ మెసేజ్ పెడుతుంది, నేను బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటా. ఈ ప్రసంగం రాసుకుంటూ నిన్న రాత్రి ఆవిడకి ఒక మెసేజ్ టైప్ చేశా, నాలుగు లైన్లు. ఇంకా పంపలేదు, డ్రాఫ్టులోనే ఉంది.

ఆ, రెండో చీటీ కూడా వచ్చింది, భోజనాలు చల్లారుతున్నాయంట. మా ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది, వడ్డించడానికి వెళ్ళిందో, కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయిందో. మైకు ఇచ్చేస్తున్నా, చూసొస్తా.